లాకులు, లాకరు, లాకెట్టు: ‘లాక్’ అనే మాట గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కోనసీమ. సాయంత్రం పూట పిల్లలకి ఇంగ్లీషు ట్యూషన్ చెబుతుంటాను. ఒకరోజు ‘ది బోట్ పాస్డ్ త్రూ ది లాక్’ అనే వాక్యాన్ని తెలుగులో రాసుకురమ్మన్నాను. ఏడో తరగతి పిల్లాడొకడు ‘పడవ తాళంలోంచి వెళ్ళింది’ అని రాసుకొచ్చాడు. మా ఊరి కాలువ మీద పడవలు దాటడానికి కట్టిన లాకులకి వాడిల్లు అరకిలోమీటరు కూడా ఉండదు. రోజూ వాటి మీదుగానే సైకిలు తొక్కుకుంటూ ట్యూషన్‌కి వస్తాడు. “ఒరే, ఇది మన లాకులేరా” అన్నాను. “అది తెలుగు కదండీ!” అన్నాడు.

ఆ తర్వాత ఈ మాట మీద పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు, వీధిలో కనబడినవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలన్నీ ఇక్కడ పెడుతున్నాను.

‘లాకులు’ తెలుగు మాట కాదా?

పుట్టుక ఇంగ్లీషు. కానీ మన దగ్గరికొచ్చి నూట డెబ్భై ఏళ్ళు అయింది కాబట్టి తెలుగు కాదని గట్టిగా అనడానికి నాకు మనసొప్పదు. డాక్టర్ మన నోట డాక్టరు అయినట్టు, కాలేజ్ కాలేజీ అయినట్టు, లాక్ చివర ఒక ఉకారం తగిలించుకుని లాకు అయింది. మీద ‘లు’ చేరి లాకులు అయింది. లాకుల మీద, లాకుల్లోంచి, లాకులకి అవతల అంటూ తెలుగు విభక్తులన్నీ దానికి చక్కగా అతుక్కుపోయాయి. మా పిల్లాడిలాంటి వాళ్ళకి పుస్తకంలో కనిపించే లాక్ ఇంగ్లీషు, వీధి చివర ఉండే లాకులు తెలుగు. ఈ రెండూ ఒకటేనని ఎవరైనా చెబితే తప్ప తట్టదు. నాకూ కాలేజీకి వెళ్ళేదాకా తట్టలేదు.

అయితే ఇంగ్లీషులో లాక్‌కి అసలు అర్థం ఏమిటి? తాళమే కదా?

డిక్షనరీ తీస్తే మొదట కనబడేది తాళమే. కానీ దానికంటే పాత అర్థం ‘మూసేది’. వెయ్యేళ్ళ కిందటి పాత ఇంగ్లీషులో ‘లోక్’ అనే మాట ఉండేది. తలుపుకి అడ్డంగా వేసే గడియ, బద్దె, ఏదైనా మూసి బిగించే సాధనం, చుట్టూ కంచె వేసి మూసిన చోటు, అన్నిటికీ అదే మాట. దాని వెనక ‘మూయు’ అనే అర్థమున్న పాత జర్మానిక్ ధాతువు ఉంది. ఇంగ్లీషు, జర్మన్, డచ్, స్కాండినేవియా భాషలు ఒకే కుటుంబం. ఆ కుటుంబంలో ఈ ధాతువు పిల్లలు చాలామందే ఉన్నారు. స్కాండినేవియావాళ్ళ పాత భాష నార్స్‌లో ‘లోక్’ అంటే మూత.

జర్మన్‌లో దీని చుట్టం ‘లోఖ్’. దాని అర్థం ఈ రోజున ‘రంధ్రం’! మూసేదాని చుట్టం రంధ్రం ఎలా అయిందా అనిపిస్తుంది. మొదట అది మూసి ఉన్న చోటు, చీకటి కొట్టు. కొట్టు కాస్తా గుంత అయింది, గుంత రంధ్రం అయింది. మాటలు అలా జారుతుంటాయి.

తలుపు తాళానికీ, కాలువలో కట్టిన దానికీ ఒకే పేరు ఎలా వచ్చింది?

ఇక్కడే తాళం అనే అనువాదం మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. లాక్ అంటే తాళం అనుకుని మొదలుపెడితే కాలువలోకి తాళం ఎందుకొచ్చిందో ఎంత ఆలోచించినా అందదు. ‘మూసేది’ అనుకుని మొదలుపెట్టండి, రెండూ వాటంతటవే కలుస్తాయి. తలుపుని మూసి ఉంచేది ఒక లాక్. నీళ్ళని మూసి ఉంచేది ఇంకో లాక్. ఇంగ్లీషులో నది మీద అడ్డుకట్టని లాక్ అనడం 1300 ప్రాంతానికే ఉంది. పడవల్ని పైకి ఎక్కించి కిందికి దించే తలుపుల ఏర్పాటుకి ఆ పేరు స్థిరపడింది 1570ల నుంచి.

మనవాళ్ళ మాటే చూడండి. వేసవిలో నీళ్ళు ఆపేస్తే “కాలువలు కట్టేశారు” అంటారు, జూన్‌లో “కాలువలు వదిలారు” అంటారు. కొట్టు మూసినా “కట్టేశారు” అనే అంటాం. ఇంగ్లీషు లాక్‌లో ఉన్న పాత భావం ఈ ‘కట్టేయడం’లో ఉన్నంతగా ‘తాళం వేయడం’లో లేదు.

కాలువ లాకు ఎలా పనిచేస్తుంది? పడవ మెట్లు ఎక్కుతుందా?

ఒక రకంగా మెట్లే. ధవళేశ్వరం దగ్గర నీటి మట్టం ఎక్కువ, సముద్రం వైపు వచ్చేకొద్దీ నేల పల్లమవుతుంది. కాలువని ఒకే వాలుగా వదిలేస్తే నీరు వడిగా పారిపోతుంది, గట్లు కోసేస్తుంది, పడవ ఎదురెక్కలేదు. అందుకని అక్కడక్కడా మట్టాన్ని ఒక్కసారిగా దించుతారు. ఆ దిగుడు దగ్గర పడవ ఆగిపోకుండా లాకు కడతారు.

లాకు అంటే రెండు పక్కలా రాతిగోడలు, ముందొక జత తలుపులు, వెనకొక జత తలుపులు. మధ్యలో పడవ పట్టేంత తొట్టి. పై నుంచి వచ్చే పడవ సంగతి చూద్దాం. తొట్టిలో నీళ్ళు పైకాలువ మట్టానికి నిండి ఉంటాయి. పై తలుపులు తీస్తారు, పడవ లోపలికి వస్తుంది, వెనక తలుపులు మూస్తారు. ఇప్పుడు కింది తలుపులకున్న చిన్న తూములు ఎత్తుతారు. తొట్టిలో నీరు మెల్లగా కిందికాలువలోకి పోతుంది. పడవ ఉన్నచోటే ఉండి దిగుతుంది. పడవలో కూర్చున్నవాడికి తాను దిగుతున్నట్టు అనిపించదు, గోడ లేస్తున్నట్టు అనిపిస్తుంది. ముందు పొడి రాయి, తర్వాత తడి రాయి, ఆ తర్వాత పచ్చటి పాచి కనబడతాయి. లోపలి మట్టమూ బయటి మట్టమూ సమానమయ్యాక కింది తలుపులు తీస్తే పడవ తన దారిన తను పోతుంది. ఎదురు వచ్చే పడవకి ఇదంతా తిరగేసి జరుగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చేది తలుపుల తీరు. మూసినప్పుడు రెండు రెక్కలూ సూటిగా ఒక గీతలో ఉండవు. నీళ్ళొచ్చే వైపుకి కోసుగా, రెండు అరచేతుల వేళ్ళ కొసలు మాత్రం కలిపి ముందుకు చాపినట్టు ఉంటాయి. నీరు ఎంత తోస్తే రెక్కలు ఒకదానికొకటి అంత బిగుసుకుంటాయి. గొళ్ళెం అక్కర్లేదు, తాళం అసలే అక్కర్లేదు. ఈ కోసు తలుపుల ఆలోచన లియొనార్డో డావిన్చీదని చెబుతారు. మధ్యలో తొట్టి, అటూ ఇటూ తలుపులు ఉండే లాకు మాత్రం అంతకంటే ఐదొందల ఏళ్ళు ముందుదే. 984లో చైనాలో చియావో వెయ్యూ అనే అధికారి మహాకాలువ మీద కట్టించాడు.

మా అమ్మమ్మ చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి పడవల మీదే వెళ్ళేవారట. లాకుల దగ్గర నీళ్ళు దిగేదాకా ఆగాలి కదా, అన్నం మూటలు అక్కడే విప్పేవారట. “లాకులొచ్చాయంటే ఆకలేసేది” అనేది.

మన డెల్టాకి లాకులు ఎప్పుడొచ్చాయి?

ధవళేశ్వరం ఆనకట్టతో. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. లంకల మధ్య గోదావరి పాయలుగా చీలిన చోట ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టారు. అక్కడి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు తీశారు. తూర్పుకి ధవళేశ్వరం, మధ్యకి బొబ్బర్లంక, పశ్చిమానికి విజ్జేశ్వరం తలకాయల్లాంటివి. కాలువ మొదట్లో నీటికి తూము, పడవకి లాకు, రెండూ పెట్టారు.

కాటన్ దృష్టిలో కాలువ అంటే సాగునీరు ఒక్కటే కాదు, రోడ్డు కూడా. ఇండియాకి రైళ్ళకంటే పడవ కాలువలే మేలని ఆయన జీవితాంతం వాదించాడు. ఆ వాదన నెగ్గలేదనుకోండి. అయినా అప్పట్లో కాకినాడలో పడవెక్కి, ఏలూరు కాలువ మీదుగా కృష్ణ చేరి, అక్కడి నుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా నీటి మీదే వెళ్ళేవారు. ఈ దారినే 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

షట్టర్లున్న ప్రతిదాన్నీ లాకులు అంటున్నారు. అది సరైనదేనా?

ఇంజనీరుని అడిగితే కాదంటాడు. పడవ దాటడానికి రెండు జతల తలుపులున్నదే లాకు. నీటిని వదలడానికి, ఆపడానికి నిలువుగా లేచే షట్టర్లు మాత్రమే ఉంటే అది రెగ్యులేటరు. చాలాచోట్ల రెండూ పక్కపక్కనే కట్టారు కాబట్టి జనం మొత్తాన్ని కలిపి లాకులు అనేశారు. ఇప్పుడు పడవలు లేవు. రెగ్యులేటరు ఒక్కటే పని చేస్తోంది, పేరు మాత్రం దాని పక్కనున్న దానిది. ఆత్రేయపురం మండలంలో లొల్ల లాకులు చూడండి. సినిమా షూటింగులకి అందరికీ తెలిసిన చోటు. అక్కడ ఫొటోలు దిగేవాళ్ళలో ఎంతమందికి అక్కడ పడవలు దాటేవని తెలుసో మరి.

జనం మాటని ఇంజనీరు మాటతో దిద్దడం నాకిష్టం లేదు. పరీక్షలో మాత్రం తేడా రాయండి.

“లాకుల దగ్గర దిగుతాను” అంటారు కానీ “లాకు దగ్గర” అనరెందుకు?

బస్సులో ఎవరైనా “లాకు దగ్గర ఆపండి” అంటే కండక్టరు ఒకసారి మొహం చూస్తాడు. తలుపులు జతలుగా ఉండటం వల్ల బహువచనం పడి ఉంటుందని నా ఊహ. ఇంగ్లీషువాళ్ళకి మొత్తం కట్టడం కలిపి ఒక లాక్.

జుట్టుని కూడా లాక్స్ అంటారు కదా, అదీ ఇదీ ఒకటేనా?

పలకడం ఒకటే, పుట్టుక వేరు. పాత ఇంగ్లీషులో జుట్టు పాయకి ‘లొక్క్’ అనే వేరే మాట ఉండేది. ‘వంపు తిరిగినది’ అనే భావం నుంచి వచ్చి ఉంటుందని పండితులు అంటారు. జర్మన్‌లో ‘లొకె’ అంటే ఉంగరాల జుట్టు పాయ. కాలక్రమంలో రెండు మాటలూ ఒకే రూపానికి వచ్చేశాయి. మన తాళం లాగే: పాటకి వేసే తాళం వేరు, తలుపుకి వేసే తాళం వేరు.

ఈ జుట్టు వైపు చుట్టాలు: ఫోర్‌లాక్ అంటే ముంగురులు, డ్రెడ్‌లాక్స్ అంటే జడలు కట్టిన జుట్టు.

లాకరు, లాకప్పు, లాకెట్టు, లాకౌట్, లాక్‌డౌన్ అన్నీ ఒక కుటుంబమేనా?

అన్నీ తలుపు వైపువే, ‘మూసేది’ సంతానం. లాకరు, లాకప్పు గురించి చెప్పేదేముంది. ఒకదాంట్లో బంగారాన్ని మూస్తారు, ఇంకోదాంట్లో మనుషుల్ని.

లాకెట్టు కథ బాగుంటుంది. జర్మానిక్ మాట ఫ్రాన్స్ చేరి ‘చిన్న గడియ’ అనే అర్థంలో ‘లొకె’ అయింది. అక్కడి నుంచి ఇంగ్లీషుకి తిరిగొచ్చింది. మూత ఉండి, తెరిస్తే లోపల ఫొటో పెట్టుకునే నగ పేరు అది. మనదగ్గర మూత ఉన్నా లేకపోయినా గొలుసుకి వేలాడేదంతా లాకెట్టే. వెంకటేశ్వరస్వామి బిళ్ళ తెరుచుకోదు, అయినా లాకెట్టే. అంటే మీ ఇంట్లో లాకరులో ఉన్న లాకెట్టు, మీ ఊరి లాకులు, మూడూ దూరపు చుట్టాలన్న మాట.

లాకౌట్ అంటే యజమాని ఫ్యాక్టరీ మూసి కార్మికుల్ని బయట నిలబెట్టడం. సమ్మె కార్మికులు చేసేది, లాకౌట్ యాజమాన్యం చేసేది. పేపర్లలో కూడా ఒక్కోసారి రెండూ కలిపేస్తుంటారు.

లాక్‌డౌన్ 1970లలో అమెరికా జైళ్ళ భాష. గొడవ జరిగితే ఖైదీల్ని గదుల్లోంచి రానివ్వకపోవడం. 2020 మార్చి 25 నుంచి అది మన ఇంటి మాట అయింది. ఆ ఏడాది పుట్టిన పిల్లల్ని “లాక్‌డౌన్‌లో పుట్టాడండి” అని ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

వెడ్‌లాక్ అంటే పెళ్ళి. అంటే పెళ్ళి ఒక తాళమనే కదా అర్థం?

ఈ ప్రశ్న అడిగేది ఎప్పుడూ మగవాళ్ళే, అదీ నవ్వుతూ. పక్కన వాళ్ళావిడ ఉంటే ఇంకా గట్టిగా అడుగుతారు. కాదండి. వెడ్ అంటే ప్రమాణం, ‘లాక్’ అనిపించేది నిజానికి వేరే పాత ఇంగ్లీషు ప్రత్యయం, దాని అర్థం ‘చేయడం’. మొత్తం ‘ప్రమాణం చేయడం’. మూయడానికీ దానికీ సంబంధం లేదు. మనకి తాళి, తాళం పక్కపక్కన వినబడటం వల్ల ఈ జోకు తెలుగులో ఇంకా బాగా పండుతుంది.

వార్లాక్ అంటే మంత్రగాడు, అది కూడా లాక్ కాదు. ‘మాట తప్పినవాడు’ అనే పాత మాట అరిగి అరిగి అలా తయారైంది. సోక్రటీసుకి ఇచ్చిన విషం హెమ్లాక్, అదీ వేరే మాటే.

లక్కు, లక్క, లక్ష, లోకల్, స్కాట్లాండ్‌లో సరస్సుని అనే ‘లొఖ్’?

లక్క, లక్ష మన సంస్కృతం వైపువి. లోకల్ ‘చోటు’ అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి వచ్చింది. స్కాట్లాండ్ లొఖ్ గేలిక్ భాషది, ఇంగ్లీషు లేక్‌కి దూరపు బంధువు. నీళ్ళ పక్కనే ఉంది కాబట్టి మన లాకులకి చుట్టమేమో అని ఆశపడ్డాను, కాదు. లక్కు డచ్ వైపు నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన మాట.

నడుం లాక్ అయింది, డేట్ లాక్ చేశాం అంటున్నాం. ఇవి సరైన వాడుకలేనా?

ఇంగ్లీషులో కూడా కదలకుండా బిగుసుకుపోవడాన్ని లాక్ అంటారు. ధనుర్వాతాన్ని వాళ్ళు లాక్‌జా అనేది అందుకే, దవడ బిగుసుకుపోతుంది కాబట్టి. కాబట్టి “నడుం లాక్ అయిపోయిందండి, ఆయ్” అని మా పక్కింటి మావయ్యగారు వంగినవాళ్ళు వంగినట్టే ఉండి చెప్పినా తప్పేం లేదు. కల్యాణమండపం డేట్ లాక్ చేయడం, క్విజ్‌లో ఆన్సర్ లాక్ చేయడం, సినిమావాళ్ళు కథ లాక్ చేయడం, అన్నీ ‘ఇక మార్పు లేదు’ అనే అర్థమే. అయినా మండపానికి అడ్వాన్సు కట్టేదాకా ఏ డేటూ లాక్ కాదు.

‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ అనే జాతీయం మాత్రం తుపాకీది. మందు వెలిగించే యంత్రం లాక్, చెక్క పిడి స్టాక్, గొట్టం బ్యారెల్. మూడూ కలిస్తే మొత్తం తుపాకీ, అంటే ‘సమస్తం’. మన ‘తట్టా బుట్టా’తో సరిపోతుంది.

మన మాటలు కూడా ఇంగ్లీషులోకి వెళ్ళాయా, లేక అన్నీ తెచ్చుకోవడమేనా?

లాకులు వాళ్ళిచ్చారు, ‘ఆనికట్’ మనవైపు నుంచి వెళ్ళింది. డిక్షనరీలు దాన్ని తమిళం ‘అణైకట్టు’ ఖాతాలో వేస్తాయి. మన ‘ఆనకట్ట’ దానికి అక్కాచెల్లెళ్ళ వరస. కాటన్ దొర కాగితాలన్నిటా ధవళేశ్వరం కట్టడం ఆనికట్టే.

ఇక గోదావరి నీళ్ళ మీద తిరిగే మాటలు చూస్తే సగం దేశాలు కనబడతాయి. లాకులు, షట్టర్లు చూసుకునే లస్కరు పేరు పారశీకంలో సైన్యం అనే అర్థమున్న ‘లష్కర్’ నుంచి వచ్చింది. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య దాటించే పంటు ఇంగ్లీషుది. పాపికొండలకి తీసుకెళ్ళే లాంచీ మలయ్ భాషలో పుట్టి పోర్చుగీసు మీదుగా ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి మనకి వచ్చింది. డెల్టా సాక్షాత్తూ గ్రీకు అక్షరం పేరు.

లాకుకి అచ్చ తెలుగు మాట పెట్టకూడదా?

ఇంట్లో వాడేవాటికి మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి. అడ్డంగా జరిపేది గడియ, కొక్కేనికి తగిలించేది గొళ్ళెం, వేలాడేది తాళంకప్ప. రాయలసీమ, తెలంగాణల్లో బీగం. ఇన్నిటికీ ఇంగ్లీషువాడు అవసరమైతే లాక్ అనే ఒక్క మాటతో సరిపెట్టగలడు. కాలువ దగ్గరికొచ్చేసరికి మాత్రం మనకి లాకులు ఒక్కటే. ‘జలబంధకం’ లాంటిదేదో తయారు చేస్తే చేయొచ్చు, కానీ బస్సు దిగేవాడు “జలబంధకం దగ్గర ఆపండి” అనడు.

మరి పరీక్షలో ఏం రాయాలి?

‘పడవ లాకుల్లోంచి వెళ్ళింది.’ మా పిల్లాడు నోట్సులో దీన్నే తిరిగి రాసుకున్నాడు. పుస్తకం మూస్తూ “ఇంతకీ మన లాకులకి తాళం ఎవరి దగ్గరుంటుందండీ?” అని అడిగాడు. లస్కరు దగ్గరుంటుందని చెప్పాను. షట్టర్లు తిప్పే పిడికి గొలుసు చుట్టి వేసిన తాళంకప్పని మర్నాడు వెళ్ళి చూసొచ్చాడు.